క్రిమియాకు ఒక చట్టం, వెస్ట్‌బ్యాంక్‌కు ఇంకో చట్టం

నమస్తే అండీ. పాలస్తీనా అనగానే మాట గాజా దగ్గర మొదలై గాజా దగ్గరే ఆగిపోతోంది. ఈ రోజు పాలస్తీనాలో మరో భాగమైన వెస్ట్‌బ్యాంక్ నుంచి మొదలుపెడదాం. అక్కడికి వెళ్లాలంటే ముందు క్రిమియా మీదుగా వెళ్లాలి.

2014 మార్చిలో రష్యా, ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను తనలో కలిపేసుకుంది. అప్పుడు యూరోపియన్ యూనియన్ ఏం చేసింది? మూడు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, ఉక్రెయిన్ ధ్రువపత్రం లేకుండా క్రిమియా సరుకు మా గడప తొక్కకూడదని నిషేధం పెట్టింది. డిసెంబరులో ఇంకా బిగించింది. మా కంపెనీలు అక్కడ పెట్టుబడి పెట్టకూడదు, ఇళ్లూ స్థలాలూ కొనకూడదు, మా విహార నౌకలు అక్కడి రేవుల్లో ఆగకూడదు అంది. మంచి పని చేసింది. బలం ఉంది కదా అని పక్క దేశం నేల లాక్కుంటే, ఆ నేల మీద వ్యాపారం సాగనివ్వకూడదు. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇప్పుడు వెస్ట్‌బ్యాంక్. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని ఆక్రమించింది. ఆ తర్వాత సొంత పౌరులను తీసుకొచ్చి అక్కడ ఊళ్లు కట్టించడం మొదలుపెట్టింది. సెటిల్‌మెంట్లు అంటున్నది వీటినే. ఈ రోజు తూర్పు జెరూసలేంను కూడా కలిపి చూస్తే, ఆ సెటిల్‌మెంట్లలో ఉంటున్నవాళ్లు సుమారు 7 లక్షల మంది. అక్కడ పండిన ద్రాక్షతో వైన్ తయారవుతుంది, ఖర్జూరాలు పండుతాయి, ఫ్యాక్టరీలు నడుస్తాయి. ఆ సరుకు యూరప్‌కు వెళుతుంది. దాని మీద యూరప్ చర్య ఏమిటో తెలుసా? ఇజ్రాయెల్ సరుకుకు ఇచ్చే సుంకం రాయితీ దీనికి ఇవ్వదు. సీసా మీద ‘సెటిల్‌మెంట్ నుంచి వచ్చింది’ అని రాయాలి. అంతే. ఆ లేబుల్ గురించి స్పష్టమైన మార్గదర్శకాలు రావడానికి 2015 నవంబరు దాకా పట్టింది. ఒక వైన్ కంపెనీ పెట్టిన కేసులో యూరప్ న్యాయస్థానం ‘అవును, లేబుల్ తప్పనిసరి’ అని చెప్పేసరికి 2019 వచ్చింది.

అక్కడ మూడు నెలల్లో నిషేధం. ఇక్కడ 48 ఏళ్లకు లేబుల్.

‘రెండూ ఒకటి కాదు, వెస్ట్‌బ్యాంక్ వివాదాస్పద భూమి, చట్టం ఏం చెబుతుందో తేలలేదు’ అని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసమే ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు థియొడోర్ మెరోన్. 1930లో పోలండ్‌లో పుట్టిన యూదుడు. బాల్యంలో కొన్నేళ్లు నాజీల నిర్బంధ శ్రమ శిబిరంలో గడిచిపోయాయి. బతికి బయటపడి 1945లో పాలస్తీనా చేరాడు. న్యాయశాస్త్రం చదివి, 1967 నాటికి ఇజ్రాయెల్ విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారు అయ్యాడు. యుద్ధం ముగిశాక ప్రధాని లెవీ ఎష్కోల్ కార్యాలయం ఆయన్ను అడిగింది: స్వాధీనంలోకి వచ్చిన ప్రాంతాల్లో మన పౌరులను స్థిరపరచవచ్చా? 1967 సెప్టెంబరులో ఆయన రహస్య నోట్‌లో సమాధానం రాశాడు. కుదరదు, అది నాలుగో జెనీవా ఒప్పందానికి నేరుగా విరుద్ధం అని. ఆక్రమించిన దేశం తన జనాన్ని ఆక్రమిత ప్రాంతానికి తరలించకూడదని ఆ ఒప్పందం 49వ అధికరణంలో ఉంది. రాసింది శత్రువు కాదు, బయటివాడు కాదు. ప్రభుత్వం జీతం ఇచ్చి పెట్టుకున్న సొంత న్యాయ నిపుణుడు. అదే నెలలో వెస్ట్‌బ్యాంక్‌లో కఫర్ ఎట్జియోన్ సెటిల్‌మెంట్ మొదలైంది.

కాబట్టి తెలియక చేసింది కాదు. మొదటి ఇల్లు లేచే ముందే చట్టం ఏమిటో చెప్పించుకుని, ఆ కాగితాన్ని పక్కన పెట్టి చేసింది. ఈ మెరోన్ గారి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమెరికా దగ్గరికి వెళ్దాం. 2018 జులైలో ఆ దేశ విదేశాంగ మంత్రి మైక్ పాంపియో క్రిమియా మీద ఒక ప్రకటన చేశారు. బలంతో సరిహద్దులు మార్చడాన్ని అమెరికా ఒప్పుకోదు, క్రిమియా ఉక్రెయిన్‌దే అని. ఎనిమిది నెలలు గడిచాయి. 2019 మార్చిలో, అదే పాంపియో విదేశాంగ మంత్రిగా ఉండగా, అధ్యక్షుడు ట్రంప్ గోలన్ కొండలు ఇజ్రాయెల్‌వేనని సంతకం పెట్టారు. గోలన్ పాలస్తీనా కాదు, సిరియాది. కానీ అదీ 1967లో యుద్ధంలో తీసుకున్నదే. 1981లో ఇజ్రాయెల్ అక్కడ తన చట్టాలను అమలు చేస్తానంటే, అది చెల్లదని భద్రతా మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు అమెరికా కూడా చెయ్యెత్తింది. 2019 నవంబరులో పాంపియో మరో మాటన్నారు. వెస్ట్‌బ్యాంక్ సెటిల్‌మెంట్లు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని మేం ఇక అనుకోవడం లేదని. మెరోన్ రాసింది మారలేదు, ఒప్పందంలో అక్షరం మారలేదు. వాషింగ్టన్‌లో కుర్చీలో కూర్చున్నవాళ్ల ఇష్టం మారింది. ఒక కంటికి వెన్న, ఇంకో కంటికి సున్నం పెట్టడమంటే ఇదే.

కరెంటు, నీళ్ల సంగతీ అంతే. 2022 అక్టోబరులో రష్యా ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాలపై దాడులు చేస్తున్నప్పుడు, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్‌డెర్‌లాయెన్, చలికాలం ముందు ఆడవాళ్లకూ పిల్లలకూ కరెంటు, నీళ్లు లేకుండా చేయడం యుద్ధ నేరం, ఉగ్రవాదం అన్నారు. ఏడాది తిరగ్గానే, 2023 అక్టోబరు 9న, ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోవ్ గలాంట్ గాజాకు కరెంటు, తిండి, ఇంధనం బంద్ అని కెమెరా ముందే ప్రకటించారు. నాలుగు రోజుల తర్వాత ఆవిడ సంఘీభావం చెప్పడానికి ఇజ్రాయెల్ వెళ్లారు. అయితే యూరప్‌లో అందరూ నోరు మూసుకోలేదు. అప్పటి విదేశాంగ విధాన అధిపతి జోసెప్ బొరెల్, సామాన్య జనానికి నీళ్లూ తిండీ ఆపడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని ఆ వారంలోనే అన్నారు. ఆయన మాట విధానంగా మారలేదు.

‘మరి హమాస్ చేసిందో?’ అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపింది, 250 మంది దాకా బందీలుగా ఎత్తుకెళ్లింది. ఇళ్లల్లో ఉన్నవాళ్లను, సంగీత ఉత్సవానికి వచ్చిన యువతీ యువకులను చంపింది. అది నేరం. దానికి ఏ ఆక్రమణా సాకు కాదు. ఆ నేరం చేసినవాళ్లను వెంటాడి శిక్షించాలి. కానీ ఆ నేరానికి గాజాలో పాలు తాగే పిల్లాడు బాధ్యుడు ఎలా అవుతాడు? 2025 వేసవి నాటికే గాజా ఆరోగ్య శాఖ లెక్కలో మృతులు 60 వేలు దాటారు. చట్టం ఇద్దరికీ ఒకటే అన్నప్పుడే హమాస్‌ను నేరస్థులనే హక్కు మనకు వస్తుంది.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సరిగ్గా అదే ప్రయత్నం చేసింది. 2023 మార్చిలో పుతిన్ మీద అరెస్టు వారంటు ఇచ్చింది, ఉక్రెయిన్ పిల్లలను అక్రమంగా తరలించారని. రష్యా ఆ కోర్టులో సభ్య దేశం కాదు. అయినా అధ్యక్షుడు బైడెన్ ఆ వారంటు సబబే అన్నారు. 2024 నవంబరులో అదే కోర్టు నెతన్యాహు, గలాంట్‌ల మీద, హమాస్ సైనిక నాయకుడు మొహమ్మద్ దైఫ్ మీద ఒకే రోజు వారంట్లు ఇచ్చింది. అదే బైడెన్ ఇది దారుణం అన్నారు. ఇజ్రాయెల్ ఆ కోర్టులో సభ్య దేశం కాదన్నది అమెరికా చెప్పిన ఒక కారణం. రష్యా మాత్రం సభ్య దేశమా? నేరం జరిగిన నేల కోర్టు పరిధిలో ఉందా లేదా అన్నది చూడాలి. ఉక్రెయిన్ ఆ పరిధిని ఒప్పుకుంది. పాలస్తీనా 2015లోనే ఆ కోర్టులో చేరింది.

ఆ వారంట్లు అడిగే ముందు ప్రాసిక్యూటర్ కొందరు న్యాయ నిపుణులకు సాక్ష్యాలు చూపించి అభిప్రాయం తీసుకున్నారు. అందులో ఒకరు థియొడోర్ మెరోన్. యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడిగా పనిచేసి వచ్చిన ఆయనకు అప్పటికి 94 ఏళ్లు. హమాస్ నాయకుల మీద, ఇజ్రాయెల్ నాయకుల మీద, రెండింటికీ తగిన ఆధారాలున్నాయని ఆ బృందం ఏకగ్రీవంగా చెప్పింది. దానికి జవాబుగా ఆ తర్వాత జరిగిందేమిటంటే, 2025 ఫిబ్రవరిలో ట్రంప్ కోర్టు మీదే ఆంక్షలు పెట్టారు. ప్రాసిక్యూటర్ తర్వాత న్యాయమూర్తులకూ అవే ఆంక్షలు. ఏప్రిల్‌లో నెతన్యాహు హంగరీ వెళితే, సభ్య దేశమై ఉండి కూడా ఆ దేశం అరెస్టు చేయలేదు, పైగా కోర్టు నుంచే బయటికి వెళ్లిపోతామంది. 2024లో పుతిన్‌ను అరెస్టు చేయని మంగోలియాదీ ఇదే తప్పు. దాన్ని గట్టిగా తిట్టినవాళ్లు హంగరీని కూడా అంతే గట్టిగా తిట్టాలి.

ఇక మన దేశం. నాకు ఎక్కువ బాధ ఇక్కడే. 1947లో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన దేశం మనది. 1974లో పాలస్తీనా విమోచన సంస్థను గుర్తించాం, 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించాం. ఫ్రాన్స్, బ్రిటన్ ఆ పని చేసింది 2025 సెప్టెంబరులో. ఇజ్రాయెల్‌తో 1992 నుంచి పూర్తి సంబంధాలున్నాయి, వాటిని నేను తప్పుపట్టను. కార్గిల్ సమయంలో వాళ్లు సాయం చేశారు. స్నేహం ఉండొచ్చు. స్నేహితుడు తప్పు చేస్తే చెప్పడానికి నోరు రావాలి.

2024 జులై 19న ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయస్థానం (ఇది పైన చెప్పిన క్రిమినల్ కోర్టు కాదు, వేరే కోర్టు), పాలస్తీనా ప్రాంతాల్లో ఇజ్రాయెల్ ఉండటమే చట్టవిరుద్ధం, వీలైనంత త్వరగా ఖాళీ చేయాలి, ఆ పరిస్థితి కొనసాగడానికి మిగతా దేశాలు సాయపడకూడదు అని అభిప్రాయం ఇచ్చింది. ఆ మెజారిటీలో భారతీయ న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఉన్నారు. సెప్టెంబరులో ఆ అభిప్రాయాన్ని అమలు చేయాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వస్తే 124 దేశాలు అవునన్నాయి. మనం ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం. 2025 జూన్‌లో గాజాలో కాల్పుల విరమణ కోరే తీర్మానానికి 149 దేశాలు ఓటేశాయి. మళ్లీ మనం దూరం.

2025 సెప్టెంబరు 8న ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రి బెజలెల్ స్మోత్రిచ్ ఢిల్లీ వచ్చారు. మన ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌తో పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం చేశారు. స్మోత్రిచ్ స్వయంగా వెస్ట్‌బ్యాంక్‌లోని సెటిల్‌మెంట్ నివాసి. ఆగస్టులో జెరూసలేం పక్కన కొత్త సెటిల్‌మెంట్ ఇళ్ల పథకాన్ని ప్రకటిస్తూ, ఇది పాలస్తీనా దేశం అనే ఆలోచననే పాతిపెడుతుందని చెప్పిన మనిషి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే జూన్‌లోనే ఆయన మీద ఆంక్షలు పెట్టాయి. ఆయనతో సంతకం అయిన నాలుగు రోజులకు, సెప్టెంబరు 12న, రెండు దేశాల పరిష్కారం కావాలనే న్యూయార్క్ డిక్లరేషన్‌కు ఐక్యరాజ్యసమితిలో మనం అవునని ఓటేశాం. ఆ ఓటు నిజమైతే ఆ సంతకానికి ఒక హద్దు ఉండాలి.

ఇందులో మన తెలుగువాళ్లకేం పని అనుకోకండి. అక్టోబరు 7 తర్వాత వెస్ట్‌బ్యాంక్ నుంచి వచ్చి భవన నిర్మాణంలో పనిచేసే వేలాది పాలస్తీనా కూలీల అనుమతులు ఆగిపోయాయి. ఆ ఖాళీల కోసం మన దేశంలో ఎంపికలు జరిగాయి, 2024లో హైదరాబాద్‌లో కూడా. ఇక్కడ పని దొరక్క, అప్పుల కోసం యుద్ధం నడుస్తున్న చోటుకు బయల్దేరిన మేస్త్రీని నేను ఒక్క మాట అనను. ఆయన్ను ఆ వరుసలో నిలబెట్టిన విధానాన్ని అడుగుతాను.

అందుకే నేను అడిగేది ఒక్కటే, చాలా చిన్నది. ఆ పెట్టుబడుల ఒప్పందం 1967 నాటి హద్దు దగ్గర ఆగుతుందా, దాటి సెటిల్‌మెంట్లలోకి కూడా వెళుతుందా? యూరప్ ఎన్ని తప్పులు చేసినా, తన పరిశోధన నిధులు సెటిల్‌మెంట్లకు వెళ్లకుండా 2014 నుంచి షరతు పెట్టుకుంది. మన ప్రభుత్వం ఈ సంగతి పార్లమెంటులో లిఖితపూర్వకంగా చెప్పాలి. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. అందులో తెలుగుదేశం వాళ్లు 16 మంది, ప్రభుత్వానికి మద్దతు ఇస్తున్నవాళ్లు. ఈ ప్రశ్న అడగడానికి ప్రతిపక్షంలో ఉండక్కర్లేదు. మీ నియోజకవర్గం ఎంపీకి ఉత్తరం రాయండి, ప్రశ్న ఇదే వాక్యంలో రాయండి. జవాబు వస్తే నాకు పంపండి, ఇక్కడే చదివి వినిపిస్తాను.