ఫీజు రీయింబర్స్‌మెంట్: ఎంతిచ్చారో కాదు, ఎప్పుడిచ్చారో అడగండి

నమస్తే అండి. "మా వాడికి కన్వీనర్ కోటాలో సీటొచ్చింది, ఇక చదువు ఫ్రీ" అన్న మాట విజయవాడ, గుంటూరులో ప్రతి కౌన్సెలింగ్ సీజన్‌లోనూ వింటాం. ఫ్రీ కాదండీ. రీయింబర్స్‌మెంట్ అంటేనే ఫీజు సొమ్ము ప్రభుత్వం తర్వాత తిరిగిచ్చేది. ఆ 'తర్వాత' ఎప్పుడన్నదే అసలు సమస్య.

ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువకి నీళ్లొదిలారనుకోండి. నారుమడి వేళకి అందితే పంట. అవే నీళ్లు, అన్నే క్యూసెక్కులు, అక్టోబరులో అందితే? లెక్కల్లో నీళ్లిచ్చినట్టే. శివారు రైతు నారు మాత్రం ఎప్పుడో ఎండిపోయింది. బడ్జెట్‌లో కేటాయింపు బ్యారేజీ దగ్గర నీటిమట్టం లాంటిది. అది పొలం దాకా రావాలంటే ఎన్ని లాకులు దాటాలో చూడండి.

[బోర్డు మీద కాలువ బొమ్మ]

మొదటి లాకు, దరఖాస్తు పెట్టే జ్ఞానభూమి పోర్టల్. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, హాజరు 75 శాతం. ఇక్కడ ఆగిపోయేది చిన్న విషయాలకే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. అంతే, దరఖాస్తు వెనక్కి. రెండో లాకు సంక్షేమ శాఖ పరిశీలన. మూడోది ట్రెజరీ. బిల్లు పెట్టినంత మాత్రాన డబ్బు కదలదు, ఆర్థిక శాఖ విడుదల చేయాలి. నెలలకి నెలలు నిలిచిపోయేది ఇక్కడే.

ఎస్సీ విద్యార్థులకి ఇంకో గేటుంది. 2020 డిసెంబరులో కేంద్రం పోస్ట్‌మెట్రిక్ (టెన్త్ తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్ వాటాని 60:40 చేసింది. రాష్ట్రం తన 40 వేశాకే కేంద్రం 60 వదులుతుంది, అదీ నేరుగా విద్యార్థి ఖాతాకి. ఏ ఖాతా? ఆధార్‌కి ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఏ బ్యాంకు మ్యాప్ అయి ఉంటే అది. మీరు దరఖాస్తులో రాసిన నంబరు కాదు! అందుకే "రాలేదు" అనుకున్న డబ్బు ఒక్కోసారి ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో పడి ఉంటుంది. ముందు అది చూసుకోండి.

ఈలోపు పరీక్షలొస్తాయి. హాల్‌టికెట్ కౌంటర్ దగ్గర "బ్యాలెన్స్ ఉందమ్మా, క్లియర్ చేసి రా" అంటారు. ఆ అమ్మాయి తండ్రి 40,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకి 800. ప్రభుత్వ సొమ్ము పది నెలలు ఆలస్యమైతే 8,000 వడ్డీ. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి ఆ వడ్డీ కూలి కుటుంబం కట్టాలా? నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

డబ్బు తల్లి ఖాతాలో వేయాలా, కాలేజీ ఖాతాలో వేయాలా అని ఏళ్ల తరబడి వాదిస్తున్నాం. 2021లో తల్లుల ఖాతాలకి మార్చారు, 2024 తర్వాత మళ్లీ కాలేజీలకే అన్నారు. తూము ఏ గట్టున పెట్టాలన్న గొడవ ఇది. కాలువలో నీళ్లే లేనప్పుడు ఏ గట్టైతే ఏంటి? నన్నడిగితే ఫీజు కాలేజీకి, మెస్, బస్సు ఖర్చులు విద్యార్థికి. సెమిస్టర్ మొదలయ్యే నాటికి సగం పడాలి, తేదీ జీవోలోనే రాయాలి. తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వమే కట్టాలి.

ఐటీఐ, పాలిటెక్నిక్ సంగతి వేరు. సర్కారు సంస్థల్లో ఫీజు తక్కువే, భారమంతా తిండి, బస్సు, పోగొట్టుకునే కూలి. తిండి, హాస్టల్ ఖర్చులకిచ్చిన వసతి దీవెనలో ఏడాదికి డిగ్రీకి 20,000, పాలిటెక్నిక్‌కి 15,000, ఐటీఐకి 10,000 పెట్టారు. ఐటీఐ పిల్లాడు సగమే తింటాడా? ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులో వెల్డర్ పక్కన హెల్పర్‌గా చేరితే సాయంత్రానికి చేతిలో కూలి పడుతుంది. చదువుకి పంపాలంటే ఆ కూలికి ఎంతో కొంత బదులు చూపించాలి.

అప్రెంటిస్‌షిప్‌లో ఆ దారి ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ 2.5 నుంచి 15 శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 దాకా కేంద్రం ఇస్తుంది. కానీ మన షెడ్లలో ఉండేది అయిదారుగురే. వాటికి ఈ నిబంధన తగలదు, కాబట్టి వాటిదగ్గర నేర్చుకునేవాళ్లకి రాష్ట్రం మరికొంత కలపాలి.

టైమైపోతోంది, చదువు లోన్ల గురించి రెండు ముక్కలు. కేంద్రం లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మి 2024 నవంబరులో వచ్చింది, అప్పట్లో 860 సంస్థలకే. మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో చూడకుండా ఆశ పెట్టుకోకండి. ఆస్ట్రేలియాలో 1989 నుంచి, ఆదాయం ఒక హద్దు దాటాకే పన్నుతో పాటు ఫీజు అప్పు వసూలు చేస్తారు. మంచి పద్ధతే. కానీ మన దగ్గర చాలామందికి జీతం చేతికే ఇస్తారు, పన్ను లెక్కల్లోకి రాదు. అలాగే దించుకుంటే పనిచేయదు.

చివరగా ఒక్కటి. రీయింబర్స్‌మెంట్ రాకముందే చేతి నుంచి ఫీజు కడితే, రసీదు మీద "ప్రభుత్వ సొమ్ము జమయ్యాక వాపసు" అని రాయించి, తేదీతో సంతకం పెట్టించుకోండి.