ముందు రేవు చూడండి

అందరికీ నమస్కారం. పులిహోర ప్లేట్లు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి మధ్యలో లేచి వెళ్ళే అవకాశం ఎవరికీ లేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

ఈ ఐర్లండ్ దేశానికి వచ్చిన కొత్తలో కార్క్ నగరం స్టేషన్‌లో పక్కనున్న రేవు ఊరికి టికెట్ అడుగుతూ "కోబ్" అన్నాను. లోపలాయనకి అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను. ఫోన్‌లో పేరు చూపిస్తే "ఓ, కోవ్!" అని నవ్వాడు. ఐరిష్‌లో బీ పక్కన హెచ్ వస్తే అది చాలాచోట్ల 'వ' అవుతుందట. తమాషా ఏమిటంటే అది అసలు ఇంగ్లీషు మాటే. సముద్రం చిన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన చోటుని కోవ్ అంటారు. దాన్నే ఐరిష్ అక్షరాల్లో రాసుకున్నారు. 1849లో విక్టోరియా రాణి వచ్చి దిగిందని క్వీన్స్‌టౌన్ అని పేరు మార్చారు. స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా 1920లో ఆ పేరు పీకేసి పాతదే పెట్టుకున్నారు. యూఘల్ అని రాసి ఉన్న ఊరిని 'యాల్' అంటారని తెలిసేసరికి నాకు ఇంకో ఏడాది పట్టింది. రాసినట్టే చదువుకునే మనకి ఇలాంటివి కష్టమే.

మనవాళ్ళు ఇక్కడ సెలవు దొరికితే మోహర్ కొండలకి వెళ్తారు, ఫోటోలు దిగుతారు, వచ్చేస్తారు. తప్పు లేదు, నేనూ వెళ్ళాను, గొడుగు తిరగబడి విరిగింది కూడా. కానీ ఈ తీరంలో చిన్న ఊళ్ళు చూడాలంటే నాదొక పద్ధతి ఉంది. కోట తరవాత, చర్చి తరవాత. ముందు రేవు చూడండి. ఇక్కడ ఏ ఊరి కథయినా ఆ రాతిమెట్ల దగ్గరే మొదలవుతుంది.

కోవ్‌కి రైల్లో వెళ్ళండి, కుడివైపు కిటికీ పట్టుకోండి. అరగంటలోపే దిగిపోతారు. కొండవాలు మీద పేకముక్కలు నిలబెట్టినట్టు రంగురంగుల ఇళ్ళ వరస, దాని పైన సెయింట్ కోల్‌మన్ కథీడ్రల్. 1868లో పని మొదలుపెడితే పూర్తికావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. వలసపోయినవాళ్ళు పంపిన డబ్బూ అందులో ఉంది. ఊరు విడిచిన వాళ్ళ డబ్బుతో ఊళ్ళో గుడి కట్టడం మనకి తెలియని సంగతేం కాదు.

ఫోటో తీసుకుని వెంటనే కిందికి దిగండి. 1848 నుంచి 1950 లోపు ఐర్లండ్ విడిచి వెళ్ళినవాళ్ళు సుమారు 60 లక్షలు. అందులో 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే ఓడెక్కారు. 1845లో బంగాళదుంప పంటకి తెగులు పట్టి మొదలైన కరువులో పది లక్షల మంది పోయారు, అంతకన్నా ఎక్కువమంది దేశం విడిచారు. అప్పుడు లండన్ ఖజానాలో కూర్చుని కరువు సాయాన్ని పిసినారితనంగా నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి దొర ఆయనే. ఇక్కడ ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ళ మొహం మారుతుంది. మనకి ఆ పేరే గుర్తులేదు.

వెళ్ళేవాళ్ళకి ముందురోజు రాత్రి ఇంట్లో 'అమెరికన్ వేక్' చేసేవారు. వేక్ అంటే శవజాగారం. మనిషి ఎదురుగా బతికే ఉంటాడు, తింటాడు, ఆడతాడు, పాడతాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి మాత్రం అది ఆఖరి చూపు. శంషాబాద్‌లో అమ్మ ఏడుస్తుంటే "వచ్చే డిసెంబర్‌కి వస్తాగా" అన్న నాకు ఈ మాట విన్నరోజు నిద్ర పట్టలేదు.

రేవులో యానీ మూర్ విగ్రహం ఉంది. ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళిన 17 ఏళ్ళ పిల్ల. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలసవచ్చేవాళ్ళని నమోదు చేసుకునే ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచినప్పుడు మొదట పేరు రాయించుకున్నది తనే.

టైటానిక్ సంగతి మీకు తెలుసు, క్లుప్తంగా చెప్తాను. 1912 ఏప్రిల్ 11న అది రేవుదాకా రాలేదు, బయటే లంగరు వేసింది. 123 మందిని చిన్న ఆవిరి పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించారు. ఎక్కినవాళ్ళ కథలు అందరూ చెప్తారు. నాకు దిగినవాళ్ళ మీద ఆసక్తి. ఫ్రాన్సిస్ బ్రౌన్ అని జెసూట్ అనే కాథలిక్ సన్యాసుల సంఘంలో చదువుకుంటున్న ఒక విద్యార్థి. అతనికి టికెట్ ఇక్కడిదాకానే ఉంది. ఓడలో పరిచయమైన ధనవంతులు న్యూయార్క్ దాకా ఖర్చు మేం పెట్టుకుంటాం రమ్మన్నారు. అనుమతి కోరుతూ సంఘం పెద్దలకి తంతి పంపితే, ఓడ దిగిపో అని జవాబొచ్చింది. దిగాడు, కెమెరాతో సహా. ఆ ఓడ లోపలి ఫోటోలు ఇవాళ మనం చూస్తున్నామంటే ఆ తంతి చలవే.

కిన్సేల్‌లో చార్ల్స్ ఫోర్ట్ నక్షత్రం ఆకారంలో బ్రహ్మాండంగా ఉంటుంది. 1601లో స్పెయిన్ సైన్యం దిగి ఓడిపోయింది ఈ ఊళ్ళోనే. భోజనానికి మంచి పేరు, శాకాహారులు మాత్రం మెనూ ముందే అడగండి. నేను మిమ్మల్ని పంపేది అక్కడి పాత మార్కెట్ హౌస్‌కి, ఇప్పుడది మ్యూజియం. 1915 మే 7న ఈ తీరానికి ఎదురుగా జర్మన్ జలాంతర్గామి లూసిటానియా అనే ప్రయాణికుల ఓడని ముంచింది. 18 నిమిషాల్లో మునిగింది, దాదాపు 1,200 మంది పోయారు. ఒడ్డుకి చేరిన కొన్ని శవాల మీద పంచనామా ఈ చిన్న ఊళ్ళో కరోనర్, అంటే అసహజ మరణాలు విచారించే అధికారి, జాన్ హోర్గన్ జరిపాడు. హత్యానేరం ఎవరి మీద రాశారో తెలుసా? జర్మనీ చక్రవర్తి మీద! పల్లెటూరి జ్యూరీ కైజర్‌ని ముద్దాయిని చేసింది.

పక్కనే కోర్ట్‌మాక్‌షెరీ అనే పల్లె. వాళ్ళకి లైఫ్‌బోటు ఉండేది, అంటే సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే పడవ. ఆరోజు గాలి లేదు, తెరచాప పనికిరాలేదు. గంటల తరబడి తెడ్లేసుకుంటూ వెళ్ళారు. వెళ్ళేసరికి నీళ్ళమీద శవాలే మిగిలాయి. వాటినే ఎక్కించుకొచ్చారు. కోవ్ పాత శ్మశానంలో మూడు పెద్ద గోతుల్లో ఎంతోమందిని పాతిపెట్టారు. ఎక్కడెక్కడి వాళ్ళో.

70 ఏళ్ళ తరవాత, 1985 జూన్ 23 ఉదయం, మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ వెళ్ళాల్సిన ఎయిరిండియా విమానం 'కనిష్క' ఈ నైరుతి తీరానికి దూరంగా ఆకాశంలోనే బాంబుతో పేలిపోయింది. 329 మంది. ఎక్కువమంది మనలాంటివాళ్ళే: వలస వెళ్ళి, పిల్లల్ని వేసవి సెలవులకి తాతగారింటికి తీసుకెళ్తున్నవాళ్ళు. 131 మృతదేహాలే దొరికాయి. ఐరిష్ నౌకాదళం ఓడ వెళ్ళింది, వలెన్షియా లైఫ్‌బోటు వెళ్ళింది, కార్క్ ఆసుపత్రికి తెచ్చారు.

అహకిస్టా అని షీప్స్ హెడ్ ద్వీపకల్పం మీద ఒక పల్లె. ఊరు అనడానికి కూడా లేదు, నాలుగిళ్ళు, పడవలు కట్టే గట్టు. నీళ్ళ ఒడ్డునే 1986లో స్మారకం కట్టారు. ఒక రాతి గోడ, దానిమీద పేర్లు, ముందు నీడగడియారం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మబ్బు, నీడ పడలేదు. పేర్లు చదువుతూ వెళ్ళాను. ఒకే ఇంటిపేరు వరసగా మూడుసార్లు, నాలుగుసార్లు వస్తుంటే చదవడం ఆపేశాను. గడ్డి కత్తిరించి ఉంది, పూలమొక్కలకి పాదులు చేసి ఉన్నాయి.

ఏటా జూన్ 23న కెనడా నుంచి, ఇండియా నుంచి వాళ్ళ కుటుంబాలు వస్తాయి. పొద్దున్న, విమానం పేలిన వేళకి అందరూ మౌనంగా నిలబడతారు. ఆ గుంపులో చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ ఉంటారు.

వచ్చే జూన్‌లో నేను వెళ్తున్నాను. దారి సన్నం, ఆఖరి గంట మెలికలే, అందుకని తెల్లవారుజామున అయిదింటికల్లా బయల్దేరాలి. ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తాను. కార్లో ముగ్గురికి చోటుంది.