ఇంగ్లండులో జ్ఞానదంతం తీయించుకోవడం: ఏమి జరుగుతుంది, ఎంత ఖర్చవుతుంది

నమస్కారం. మా పిన్ని కూతురు వచ్చే సెప్టెంబరులో పైచదువుకు ఇంగ్లండు వస్తోంది. ఆ అమ్మాయికి కింది దవడలో జ్ఞానదంతం అప్పుడప్పుడు సలుపుతోందట. అక్కడే తీయించుకుని విమానం ఎక్కాలా, లేక ఇక్కడికి వచ్చాక చూపించుకోవచ్చా అని పిన్ని నన్ను అడిగింది. లీడ్స్‌లో నేను తీయించుకున్నది కూడా కింది దవడలోని జ్ఞానదంతమే కాబట్టి, ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట వివరంగా చెబితే ఆమెకే కాక ఇటు రాబోయే పిల్లలందరికీ, వాళ్ల తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఈ వీడియో చేస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇక్కడ జ్ఞానదంతాన్ని తీయమని మనం అడిగినంత మాత్రాన తీయరు. నైస్ అనే సంస్థ, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏ వైద్యం ఎప్పుడు చేయాలో సిఫారసు చేసే సంస్థ, 2000 మార్చిలో ఒక మార్గదర్శకం ఇచ్చింది. జబ్బేమీ లేని జ్ఞానదంతాన్ని, రేపెప్పుడో ఇబ్బంది పెడుతుందేమోనన్న ముందుజాగ్రత్తతో తీయడం మానుకోవాలన్నది దాని సారాంశం. బాగుచేయడానికి వీలులేనంతగా పుచ్చిపోయినా, చీము పట్టినా, పన్ను చుట్టూ తిత్తి ఏర్పడినా, పక్క పన్నును అరగదీస్తున్నా తీస్తారు. చిగురు వాచిన సందర్భంలో మాత్రం, వాపు మరీ తీవ్రంగా ఉంటే తప్ప, మొదటిసారికి తీయరు; రెండోసారి వాస్తే అప్పుడు తీయడానికి తగిన కారణంగా పరిగణిస్తారు.

ఈ నియమం నాకు వర్తించినప్పుడు మొదట చాలా విసుగు కలిగింది. కుడివైపు దవడ వాచి, నోరు పూర్తిగా తెరవలేని స్థితిలో నేను దంతవైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ పంటిని సగం కప్పి ఉన్న చిగురు రేకు కింద సన్నని గొట్టంతో నీళ్లు కొట్టి శుభ్రం చేసి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమని, చిన్న బ్రష్షుతో ఆ మూలను జాగ్రత్తగా తోముకోమని చెప్పి పంపించారు. యాంటీబయాటిక్ కూడా రాయలేదు. జ్వరం వచ్చినా, వాపు మెడ వైపు పాకినా, నోరు తెరవడం ఇంకా కష్టమైనా వెంటనే రమ్మన్నారు. అవేవీ లేనప్పుడు శుభ్రం చేయడమే అసలు వైద్యమని వివరించారు. నిజంగానే ఆ వాపు తగ్గిపోయింది. కొన్ని నెలల తరువాత మళ్లీ వచ్చినప్పుడు, ఆవిడే ఎక్స్‌రే తీసి ఆసుపత్రిలోని ఓరల్ సర్జరీ విభాగానికి ఉత్తరం రాశారు.

ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్నది ఆ ఎక్స్‌రేనే. దవడ మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపించే ఈ రకాన్ని ఓపీజీ అంటారు. కుడివైపు చివరి పన్నును గమనించండి. మిగతా పళ్లన్నీ నిటారుగా ఉంటే, ఇది ముందుకు ఒరిగి, తల పక్క పంటికి ఆనించి ఉంది. ఆ రెండింటి మధ్య ఏర్పడిన మూలలోకి బ్రష్షు వెళ్లదు; మెతుకులు అక్కడే చేరి కుళ్లి చిగురును వాచేలా చేస్తాయి, కొందరిలో పక్కనున్న మంచి పన్నును కూడా పుచ్చేలా చేస్తాయి. ఇప్పుడు దాని వేర్ల కింద రెండు సన్నని తెల్లని గీతల మధ్య నల్లగా కనిపిస్తున్న దారిని చూడండి. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఆ దారిలోనే వెళ్తుంది. వేర్లు ఆ నరానికి ఎంత దగ్గరగా ఉంటే పన్ను తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలే అవకాశం అంత ఎక్కువ. మరీ దగ్గరగా ఉంటే త్రీడీ స్కాను తీస్తారు. అవసరమైతే పంటి పైభాగాన్ని మాత్రమే కోసి తీసేసి వేర్లను ఎముకలోనే వదిలేస్తారు. ఈ చిత్రాన్ని డాక్టరు నాకు విడమరిచి చెప్పిన తరువాతే, ఏ బాధా పెట్టని పన్నును అనవసరంగా ఎందుకు కదపరో నాకు అర్థమైంది. మంచి పన్ను తీయబోయి జీవితాంతం పెదవి తిమ్మిరితో మిగిలిపోయే ప్రమాదం ఎంత చిన్నదైనా, అది అవసరం లేకుండా కొనితెచ్చుకోవలసిన ప్రమాదం కాదు.

ఇక ఖర్చు సంగతి. పౌనుకు 115 రూపాయల చొప్పున లెక్క వేసి చెబుతున్నాను. ఎన్‌హెచ్‌ఎస్ అంటే అంతా ఉచితమని మనవాళ్లు చాలామంది అనుకుంటారు కానీ, ఇంగ్లండులో పెద్దవాళ్ల దంతవైద్యానికి ఛార్జీ ఉంటుంది. పరీక్ష, ఎక్స్‌రే, పన్ను తీయడం, అవసరమైతే అదే విడతలో మరో పన్ను తీయడం, అన్నీ కలిపి బ్యాండ్ 2 అనే ఛార్జీల వర్గం కిందికి వస్తాయి. 2025 ఏప్రిల్‌లో దానికి 75 పౌన్ల 30 పెన్నీలు, అంటే 8,600 రూపాయల పైచిలుకు ఉండేది. డాక్టరు మందు రాస్తే ఒక్కో మందుకు 9 పౌన్ల 90 పెన్నీలు, అంటే 1,100 రూపాయల పైచిలుకు. విద్యార్థులు వీసా కోసం ఏడాదికి 776 పౌన్లు, అంటే 89 వేల రూపాయలకు పైగా, ఆరోగ్య రుసుము ముందే కడతారు. అయినా ఈ దంతవైద్యపు ఛార్జీలూ మందుల ఛార్జీలూ దానిలో కలిసి ఉండవు. అయితే పన్ను కష్టమైనదని ఆసుపత్రికి పంపిస్తే, అక్కడ చేసే శస్త్రచికిత్సకు విడిగా ఏమీ కట్టనక్కరలేదు. ప్రైవేటులో అయితే ఒక్క కష్టమైన పంటికే కొన్ని వందల పౌన్లు అవుతుంది.

డబ్బు కంటే పెద్ద ఇబ్బంది ఎదురుచూపు. ఎన్‌హెచ్‌ఎస్ కింద కొత్త రోగులను చేర్చుకునే దంతవైద్యులు దొరకడమే చాలా ఊళ్లలో కష్టం. దొరికి, ఆసుపత్రికి ఉత్తరం వెళ్లాక కూడా నెలలు పడుతుంది. నేను చిరునామాకు దగ్గరలో ఉన్నవాళ్లందరికీ ఫోను చేసి, చివరికి బస్సులో వెళ్లవలసినంత దూరంలో ఒకరిని పట్టుకున్నాను. అందువల్ల పిన్నికి నా సమాధానం ఇది: ఆ పంటి దగ్గర చిగురు ఇప్పటికే ఒకటికి రెండుసార్లు వాచి ఉంటే, అక్కడే తీయించుకుని, ప్రయాణానికి ముందు కనీసం రెండు మూడు వారాలైనా మానడానికి వ్యవధి ఉండేలా చూసుకోవాలి. ఊరికే ఉందో లేదో అన్నట్టు సలిపి తగ్గిపోతుంటే, ఎక్స్‌రే తీయించి డాక్టరు అభిప్రాయం అడగాలి తప్ప, విదేశం వెళ్తున్నామన్న ఒక్క కారణంతో తీయించేయకూడదు. ఆ ఎక్స్‌రే కాపీ ఫోనులో పెట్టుకుని వస్తే ఇక్కడి డాక్టరుకు కూడా పనికొస్తుంది.

ఆసుపత్రిలో మొదటి రోజు పన్ను తీయరు. మాట్లాడి సంతకం తీసుకుంటారు. నొప్పి, వాపు, నెత్తురు, చీము పట్టే అవకాశం, దవడ పట్టేయడం, పెదవికో నాలుకకో తాత్కాలికంగా, అరుదుగా శాశ్వతంగా తిమ్మిరి, ఇలా ఒక్కొక్కటీ మొహమాటం లేకుండా చెబుతారు. మనవాళ్లకు ఇది భయపెట్టినట్టు అనిపించవచ్చు. కానీ రోగి నిర్ణయానికి ముఖ్యమైన ఏ ప్రమాదాన్నీ దాచకూడదని 2015లో ఇక్కడి సుప్రీంకోర్టు ఒక ప్రసూతి కేసులో చెప్పింది. అన్నీ విన్నాక నాకు భయం పెరగలేదు సరికదా, నా పళ్ల గురించి నాకే ఒక పెద్దమనిషికి చెప్పినట్టు చెప్పారన్న గౌరవం కలిగింది.

తరువాత మత్తు సంగతి అడుగుతారు. పన్ను ఉన్నచోట మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ చేయించుకోవచ్చు. భయం ఎక్కువైతే చేతి నరం ద్వారా మగతనిచ్చే మందు కూడా ఇస్తారు. చాలా కష్టమైన పళ్లకు పూర్తి మత్తు ఇస్తారు. చివరి రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఇంటికి తీసుకువెళ్లి 24 గంటలు తోడుండే పెద్ద మనిషి పేరూ ఫోను నంబరూ రాయాలి. టాక్సీలో ఒంటరిగా వెళ్తానంటే ఒప్పుకోరు. ఆ కాగితంలో ఆ ఖాళీ దగ్గర నా కలం ఆగింది. మన ఊళ్లో అయితే ఒక పంటి కోసం ఇంటిల్లిపాదీ బయలుదేరేవారు. ఇక్కడ నాకు తెలిసినవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లందరికీ ఉద్యోగాలూ చిన్నపిల్లలూ ఉన్నారు, ఒక పగలూ ఒక రాత్రీ నా దగ్గర కూర్చోమని ఎవరిని అడగగలను? స్థానికంగా ఇచ్చే మత్తు సరిపోతుందని డాక్టరు అన్నారు, నేనూ దానికే సరేనన్నాను. ఆ ఖాళీ కూడా నా నిర్ణయానికి కొంత కారణం. ఒంటరిగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది, అవసరం పడకముందే అలా అడగగలిగిన ఒక్క మనిషినైనా సంపాదించుకోండి.

కుర్చీలో కూర్చున్నాక జరిగేది మనం ఊహించుకున్నంత భయంకరంగా ఉండదు. దవడ వెనుక భాగంలో ఇచ్చే ఇంజెక్షన్ క్షణకాలం చురుక్కుమంటుంది. దానిలో కలిపే అడ్రినలిన్ వల్ల కొందరికి గుండె కాసేపు వేగంగా కొట్టుకుంటుంది. కాసేపటికి కింది పెదవి సగం, నాలుక సగం మొద్దుబారిపోతాయి. చిగురును కొద్దిగా కోసి, అడ్డంగా ఉన్న ఎముకను నీళ్లు చల్లుతూ డ్రిల్లుతో తొలిచి, పన్ను ఒరిగి ఉంటే దాన్ని రెండు మూడు ముక్కలుగా కోసి విడివిడిగా తీస్తారు. నొప్పి తెలియదు కానీ ఒత్తిడి బాగా తెలుస్తుంది, పన్ను విరిగే చప్పుడు చెవికంటే ముందు దవడ ఎముకకే వినిపిస్తుంది. ఇది ముందుగా తెలిసి ఉంటే సగం భయం పోతుంది. నొప్పి అనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తమంటారు. ఎత్తగానే నిజంగానే ఆపి ఇంకొంచెం మందు ఇస్తారు. నర్సు మొదటి నుంచి చివరి వరకూ నా దవడను కింది నుంచి అరచేత్తో పట్టుకునే ఉంది. తేలికైన పన్ను నిమిషాల్లో వచ్చేస్తుంది, కష్టమైనది అరగంట దాటవచ్చు. వేసే కుట్లు ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే కరిగిపోతాయి.

తరువాత గాజుగుడ్డ మడతను గట్టిగా కొరికి పట్టుకోమంటారు. ఇక్కడి నుంచి మన జాగ్రత్తే వైద్యం. పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకడుతుంది. మోకాలి దెబ్బ మీద కట్టే పక్కులాంటిదే అది, దాని కిందే కొత్త కణజాలం పెరుగుతుంది. అందుకే మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, పొగ తాగకూడదు. మొద్దుతనం పోయేదాకా వేడివేడిగా ఏదీ తాగకూడదు, లేకపోతే పెదవి కాలినా తెలియదు. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటిని నోట్లో పోసుకుని మెల్లగా తిప్పి వదిలేయాలి. తిండి విషయంలో మనకు ఏ లోటూ లేదు. కారం లేని చల్లారిన పెరుగన్నం రెండోవైపు దవడతో తినడం కంటే హాయి ఇంకేముంటుంది.

మాత్రల విషయంలో ఇక్కడి నియమం ఒకటి ముందే తెలియాలి. మోతాదు మించి మింగి ప్రాణం తీసుకునేవారిని కాపాడడానికి 1998లో పారాసెటమాల్ అమ్మకంపై పరిమితి పెట్టారు: మామూలు దుకాణంలో ప్యాకెట్టుకు 16 మాత్రలే, మందుల షాపులో 32. ఒక పౌనుకు తక్కువకే దొరికే ఆ చిన్న ప్యాకెట్టు, పెద్దవాళ్లు రోజుకు గరిష్ఠంగా వేసుకోదగిన 8 మాత్రల చొప్పున, రెండు రోజులకే అయిపోతుంది. వాపు అత్యధికంగా ఉండేది సరిగ్గా రెండో, మూడో రోజున. అందుకని ముందు రోజే మందుల షాపులో కొని పెట్టుకోవాలి. కడుపులో పుండ్లు, ఉబ్బసం వంటివి లేనివారికి దానితోపాటు ఐబూప్రొఫెన్ కూడా తిన్న తరువాత వేసుకోమంటారు. ఈ రెండూ కలిసి చాలామందికి సరిపోతాయి. మొద్దుతనం పూర్తిగా దిగకముందే మొదటి మాత్ర వేసుకోవాలి.

వాపు తగ్గుతున్న కొద్దీ నొప్పి కూడా తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఒక్కసారిగా చెవి దాకా పాకే పోటు మొదలై, నోట్లో దుర్వాసన వస్తుంటే, ఆ నెత్తురు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. డ్రై సాకెట్ అనే ఈ స్థితి కింది దవడలోనూ, పొగ తాగేవారిలోనూ ఎక్కువ. భరిస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. దొరక్కపోతే ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కు చేయాలి. గుంటను కడిగి మందు పూసిన దూది వంటిది పెడతారు, చాలా త్వరగా ఉపశమనం వస్తుంది. నాతోపాటు ఎదురుచూసే గదిలో కూర్చున్న ఒకామెకు అది పెట్టి పంపినప్పుడు, తలుపు తెరుచుకోగానే లవంగాల వాసన గుప్పుమని వచ్చింది. ఆ మందులో ఉండేది లవంగ నూనెలోని యూజినాలే. పన్ను పోటుకు మా అమ్మమ్మ దవడలో పెట్టించే లవంగానిదీ అదే వాసన. పరాయి దేశపు ఆసుపత్రి వరండాలో ఆ వాసన తగిలేసరికి నాకు గొంతు పట్టేసింది.

ఉద్యోగులు సెలవు గురించి కూడా దిగులు పడనక్కరలేదు. ఇక్కడ ఏడు రోజుల వరకు డాక్టరు ఉత్తరం లేకుండా మనమే అనారోగ్యమని రాసి ఇవ్వవచ్చు, చాలామంది అంతకంటే ముందే పనిలోకి వెళ్లిపోతారు. దవడ పట్టేసినది మాత్రం విడవడానికి వారం పది రోజులు పట్టవచ్చు. పెదవి తిమ్మిరి మరునాటికి కూడా పోకపోతే ఆసుపత్రికి తెలియజేయాలి.

నా ఎడమవైపు జ్ఞానదంతాన్ని కూడా అదే సమయంలో తీసేయమని ఎందుకు అడగలేదని అమ్మ ఫోనులో అడిగింది. అది నిటారుగా వచ్చింది, బ్రష్షు చివరిదాకా అందుతుంది, దాని చుట్టూ చిగురు ఎప్పుడూ వాచలేదు. పరీక్షకు వెళ్లినప్పుడల్లా డాక్టరు దాన్ని చూస్తారు, బాగుంటే అలాగే వదిలేస్తారు.