వార్డెన్ గది తలుపు
(తిరుపతిలో కొత్త విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకు ఇచ్చింది పదిహేను నిమిషాలు. అవన్నీ పిల్లలకే కావాలి.

ఆహ్వానంలో నా అంశం ‘విద్యార్థినులు తీసుకోవలసిన జాగ్రత్తలు’ అని వేశారు. దాని మీద నేను మాట్లాడను. చీకటి పడకముందే రా, ఒంటరిగా పోవద్దు అని ఆడపిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాం. హాస్టల్ గేటుకు రాత్రి ఎనిమిదికి తాళం వేస్తారు. పగలు పదకొండుకు ల్యాబ్‌లో జరిగే లైంగిక వేధింపుకు ఏ తాళం వేస్తారు?

మీలో ఎంతమంది గంగమ్మ జాతర చూశారు? బయటి ఊళ్ల పిల్లలు, వచ్చే మే నెలలో తప్పక చూడండి. మగవాళ్లు చీరలు కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆ కథలో ఆడవాళ్లను చెరిచే పాలెగాడు ఒకడు. గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషం వేసి వెతికింది. వాడు రాలేదు. చివరికి దొర వేషంలో వస్తే, బయటికొచ్చాడు. దొర తనవాడేనని వాడికి అంత నమ్మకం! మా అమ్మమ్మ చెప్పినప్పుడు ఆ ముక్క నాకు అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరాక అర్థమైంది.

1994లో నేను ఒక విద్యాసంస్థలో లెక్చరర్‌ని, హాస్టల్ డిప్యూటీ వార్డెన్‌ని. ఏ సంస్థో వద్దు. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పీజీ అమ్మాయి రాత్రి నా గది తలుపు దగ్గర నిలబడింది. “సార్ రికార్డు సంతకానికి గదికి రమ్మంటున్నారు మేడమ్. మొన్న పోతే చెయ్యి పట్టుకున్నారు” అంది. నేనేం అడిగానో తెలుసా? “ఏ టైముకు పోయావు? ఒక్కదానివే ఎందుకు పోయావు?” అని. రెండే ప్రశ్నలు. “ఏం లేదులే మేడమ్” అని వెళ్లిపోయింది. మరుసటి వారం వాళ్ల నాయన వచ్చి పెట్టె మోసుకుని, బిడ్డను తీసుకుపోయాడు. ఏం జరిగిందో ఆయనకు తెలుసో తెలియదో, నాకు మాత్రం చేతులు జోడించి దండం పెట్టాడు.

ఆ సారు మరుసటి ఏడాది శాఖాధిపతి అయ్యారు. ఆ సన్మానంలో నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పటికి ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీలు లేవు, నిజమే. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయిన భన్వరీదేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ పోరాటం నుంచే 1997లో, పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలన్న సుప్రీంకోర్టు ‘విశాఖ’ తీర్పు వచ్చింది. మన విశాఖపట్నం కాదు, అది అక్కడి మహిళా సంస్థ పేరు. 2013లో అదే విషయం మీద చట్టం వచ్చింది, 2016లో విశ్వవిద్యాలయాలకు యూజీసీ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కానీ “లోపలికి రా తల్లీ, కూర్చో” అనడానికి నాకు ఏ చట్టం కావాలి?

ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, శాఖాధిపతులు అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యులు కాకూడదు. దొరలు అక్కడ కూర్చోకూడదు! అధ్యక్షురాలు సీనియర్ మహిళా ప్రొఫెసర్. విద్యార్థుల విషయమైతే డిగ్రీ, పీజీ, రీసెర్చ్ నుంచి ఒక్కొక్కరు, మీరు ఎన్నుకున్న ముగ్గురు ఉండాలి. వేధింపు జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. భయంతోనో, మరే గట్టి కారణంతోనో ఆలస్యమైతే ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. విచారణ 90 రోజుల్లో తేలాలి. పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు వేరుగా ఉంటుంది. ఏ స్టేషన్‌కు పోయినా ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు.

అబ్బాయిలూ, ఫోన్లు పక్కన పెట్టండి నాయనా. మీకు జరిగినా చెప్పుకోవచ్చు, సిగ్గుపడొద్దు. మీ స్నేహితురాలు వచ్చి ఏదైనా చెబితే ముందు వినండి. నేను అడిగిన ఆ రెండు ప్రశ్నలు మాత్రం అడగొద్దు. మీ గ్రూపులో ఎవరిదైనా ఫోటో పడితే ఫార్వర్డ్ చేయకండి, పెట్టినవాణ్ని నిలదీయండి.

ఇక్కడి విద్యార్థులు ఎన్నుకున్న ఆ ముగ్గురూ ఎవరో ఒక్కరు చెప్పండి. ఎవరూ లేవడం లేదు.

రిజిస్ట్రార్ గారూ, పొద్దున హాస్టల్ నోటీసు బోర్డు చూశాను. మెస్ టైమింగులున్నాయి, ఫీజు గడువు ఉంది. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు లేవు. తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టించండి. నేను సోమవారం సాయంత్రం వచ్చి చూస్తాను.