ఉప్పు చల్లిన రోడ్డును ఎంతవరకు నమ్మవచ్చు?

[తెరపై: తెల్లవారుజాము. నల్లగా, తడిగా మెరుస్తున్న రోడ్డు. అంచున తెల్లటి ఉప్పు చార.]

నమస్కారం. ఈ రోడ్డును ఒకసారి చూడండి. రాత్రంతా మంచు కురిసింది. యంత్రాలు వచ్చి దాన్ని పక్కకు నెట్టేశాయి, ఉప్పు చల్లాయి. ఇప్పుడు ఎక్కడా తెల్లదనం లేదు. వాన వెలిసిన రోడ్డులా ఉంది. దీని మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లవచ్చా?

రోడ్డును చూసి చెప్పలేం. ఉప్పు ఎప్పుడు చల్లారు, ఆ తర్వాత ఎంత మంచు పడింది, ఇప్పుడు రోడ్డు ఎంత చల్లగా ఉంది, ఈ మూడూ తెలిస్తేనే చెప్పగలం. కళ్లెదుట తెల్లగా మంచు పేరుకుని ఉంటే ఎంత దూకుడు మనిషైనా నెమ్మదిస్తాడు. నన్ను అడిగితే అంతకంటే మోసకారి ఇదిగో, ఈ శుభ్రం చేసిన రోడ్డు.

[తెరపై: మంచుగడ్డ మీద రాతి ఉప్పు పలుకులు. చుట్టూ నీరు ఊరుతోంది.]

ముందు ఉప్పు చేసే పని చూద్దాం. అది తన వేడితో మంచును కరిగించదు. నీటిలో కలిసి, ఆ నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. మామూలు నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. 23 శాతం ఉప్పు ఉన్న నీరు మైనస్ 21 డిగ్రీల వరకు నీరుగానే ఉంటుంది. అందుకే చాలాచోట్ల మంచు కురవకముందే, ఇంచుమించు ఈ పాళ్లలో కలిపిన ఉప్పునీటిని రోడ్డు మీద పోస్తారు. పొడి రోడ్డు మీద పొడవునా సన్నటి తెల్లని గీతలు కనిపిస్తే అవి ఆ ఉప్పునీరు ఆరిన గుర్తులే. మంచు నేలకు అతుక్కోకుండా ముందే వేసిన అడ్డు అది.

మైనస్ 21 అనే అంకె చూసి ధీమా పడకండి. మైనస్ 1 డిగ్రీ దగ్గర కిలో ఉప్పు సుమారు 46 కిలోల మంచును కరిగించగలదు. మైనస్ 7 దగ్గర అదే కిలో ఉప్పు తొమ్మిది కిలోల మంచును కూడా కరిగించలేదు. మైనస్ 9, 10 దాటితే మామూలు ఉప్పు పని ఇంకా మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి వాడతారు. ఇవి గాలిలోని తేమను పీల్చుకునే రకం కాబట్టి, రోడ్డు మీద ఒక్కోసారి సన్నటి తడి పొరను మిగులుస్తాయి. ఆ పొర కూడా కొంచెం జారుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సాయంత్రం ఉప్పు చల్లారు, మంచు కరిగింది, రోడ్డు నల్లబడింది. తర్వాత మళ్లీ కొంత మంచు పడి అదీ కరిగింది. కరిగిన ప్రతిసారీ ఉప్పునీరు పలచబడుతుంది. ఉప్పు పది శాతానికి తగ్గితే ఆ నీరు మైనస్ ఆరు, ఏడు మధ్య గడ్డకడుతుంది. అయిదు శాతానికి తగ్గితే మైనస్ 3 దగ్గరే. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 4కు పడిపోయిందనుకోండి, సాయంత్రం మీరు నిశ్చింతగా వచ్చిన దారే తెల్లారేసరికి అద్దంలా తయారవుతుంది. పైన ఉప్పు చారలు మాత్రం అలాగే కనిపిస్తుంటాయి.

ఉప్పు చల్లగానే పని మొదలవదు కూడా. తడి తగలాలి, వాహనాల చక్రాలు దాన్ని తొక్కి మంచులోకి కలపాలి. రద్దీ ఉన్న పెద్ద రోడ్డు త్వరగా తేరుకుంటుంది. అదే ఉప్పు పడినా పక్కనున్న చిన్న వీధి చాలాసేపు జారుతూనే ఉంటుంది. పెద్ద రోడ్డు మీద అలవాటైన వేగంతో ఆ వీధిలోకి మలుపు తిరిగేవాళ్లకు అక్కడే దెబ్బ తగులుతుంది.

ఇసుక సంగతి వేరు. అది మంచును కరిగించదు, పైన గరుకుదనం ఇస్తుంది, అంతే. కింద మంచు ఉన్నంతసేపు మేలు చేస్తుంది. మంచు పోయి పొడి రోడ్డు మీద మిగిలిపోతే, గోలీల మీద కాలు వేసినట్టే.

[తెరపై: వంతెన. కింద వాగు. కారులోని ఉష్ణోగ్రత సూచిక: 2 డిగ్రీలు.]

సూచికలో 2 డిగ్రీలు ఉంది కాబట్టి గడ్డకట్టే ప్రశ్నే లేదనుకోకండి. అది చెప్పేది గాలి ఉష్ణోగ్రత. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. గాలి సున్నాకు పైన ఉన్నా రోడ్డు సున్నాకు కింద ఉండవచ్చు. వంతెనకు కిందినుంచీ చల్లగాలి తగులుతుంది, అడుగున వేడిని నిలుపుకునే నేల లేదు, కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందు అదే గడ్డకడుతుంది. చెట్ల నీడ, గుట్ట చాటు, ఎండ పడని మలుపు, ఇవన్నీ అలాంటివే. కూడళ్లు ఇంకో రకం. అందరూ బ్రేకు వేసేదీ, చక్రాలు గిర్రున తిప్పేదీ అక్కడే. ఆ రాపిడికి మంచు నున్నగా తేరి ఉంటుంది.

బ్లాక్ ఐస్ అనే పారదర్శకమైన పలచటి పొరను కంటితో పట్టుకోవడం కష్టం. చెవితో ప్రయత్నించండి. తడి రోడ్డు మీద టైర్లు సర్రుమని నీటిని చిమ్ముతుంటాయి. రోడ్డు ఇంకా తడిగా మెరుస్తూనే ఉండి, ఆ శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయిందంటే మీరు నీటి మీద లేరు. ముందున్న వాహనం వెనక తుంపర లేవడం ఆగినా అదే అర్థం. స్టీరింగ్ చేతిలో తేలికైపోతుంది. ఆ క్షణంలో బ్రేకు జోలికి వెళ్లకండి. యాక్సిలరేటర్ మీద నుంచి పాదాన్ని మెల్లగా తీసి, స్టీరింగును నిటారుగా ఉంచి దాటేయండి.

[తెరపై: ఒకే కారు, మూడు రోడ్లు. ఆగడానికి పట్టిన దూరం అంకెల్లో.]

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, బ్రేకు పట్టిన దగ్గర్నుంచి, పొడి తారు రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద 50 మీటర్ల దాకా పోతుంది. నున్నటి మంచుగడ్డ మీద దాదాపు వంద. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు దాటే దూరం వీటికి అదనం. అదే గడ్డ మీద 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సుమారు 35 మీటర్లు చాలు. వేగం సగానికి దగ్గరగా తగ్గితే దూరం మూడో వంతుకు పడిపోయింది. మంచు రోడ్డు మీద మీ చేతిలో ఉన్న అతి పెద్ద ఆయుధం ఇదే. నాలుగు చక్రాలకూ శక్తి అందించే బండి బయల్దేరడానికి సాయపడుతుంది కానీ, ఆగడంలో మిగతా బండ్ల కంటే దానికేమీ గొప్ప లేదు. ఆ ధీమాతోనే కొందరు అందరినీ దాటుకుపోయి, కాసేపటికి గుంటలో కనిపిస్తారు.

టైర్ల గురించి ఒక్క మాట. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే వేసవి టైరు రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

చాలామందికి తెలియనిది బ్రేకు డిస్కుల సంగతి. ఉప్పు చల్లిన రోడ్డు మీద చాలాసేపు బ్రేకు వాడకుండా వెళ్తే డిస్కుల మీద, ప్యాడ్ల మీద ఉప్పు పొర కడుతుంది. తర్వాత మీరు బ్రేకు తొక్కినప్పుడు ముందు ఆ పొర అరగాలి, ఆ తర్వాతే పట్టు. వెనక ఎవరూ లేనప్పుడు, తిన్నని దారిలో, అప్పుడప్పుడు తేలిగ్గా బ్రేకు తాకించి ఆ పొరను వదిలించండి. రోడ్డు ఎంత జారుతోందో కూడా దాంతోనే అంచనాకు వస్తుంది.

జారడం మొదలైతే ఏం చేయాలి? కారు వెనక భాగం పక్కకు తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదలండి, వెళ్లాలనుకున్న వైపు చూడండి, స్టీరింగును అటే తిప్పండి. చూపు ఎటు ఉంటే చేతులు అటే పోతాయి కాబట్టి గుద్దుకుంటామేమో అనిపించే స్తంభాన్ని మాత్రం చూడకండి. ముందు చక్రాలే జారి కారు తిన్నగా పోతుంటే స్టీరింగును ఇంకా తిప్పితే లాభం లేదు. కాస్త వెనక్కి తెచ్చి, చక్రాలు మళ్లీ పట్టు దొరికించుకోనివ్వండి. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. బెదిరి కాలు తీయకండి, అది తన పని చేస్తోంది. వేగాన్ని తనంతట తానే ఒకే స్థాయిలో నిలిపే క్రూజ్ కంట్రోల్ మాత్రం ఈ రోడ్ల మీద వద్దే వద్దు. ఎలక్ట్రిక్ కార్లలో పెడల్ వదలగానే వేగం తగ్గించే ఏర్పాటును తక్కువ స్థాయిలో పెట్టుకోండి.

[తెరపై: ఉప్పు చల్లే లారీ, వెనక వరసగా కార్లు.]

మీ ముందు ఉప్పు లారీ వెళ్తుంటే దాని వెనకే, బాగా ఎడం పాటించి వెళ్లండి. దాటాలన్న తొందర అర్థమవుతుంది. కానీ దాని ముందున్న రోడ్డుకు ఇంకా ఉప్పు పడలేదు. పైగా మంచును నెట్టే పలక లారీ వెడల్పు కంటే బయటికి ఉండవచ్చు, ఎగిరే మంచు పొడిలో అది కనిపించకపోవచ్చు.

[తెరపై: మోటారు సైకిల్ ముందు చక్రం, దగ్గరగా. పక్కన ఇనుప మూత.]

రెండు చక్రాల వాళ్లకు వేరే లెక్క. కాలు జారితే తీసుకోవచ్చంటుంది సామెత. ముందు చక్రం జారితే తీసుకునే వ్యవధే ఉండదు. ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు తగ్గితే మోటారు సైకిల్ బయటికి తీయవద్దన్నది నా సలహా. వెళ్లక తప్పదంటే మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించండి. మలుపులో వంచడం తగ్గించండి, బ్రేకు ముట్టుకోకండి. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజనే చక్రాన్ని పట్టి ఆపినట్టై వెనక చక్రం జారుతుంది. రోడ్డు మీది రంగు గీతలు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు, పగుళ్లు పూడ్చిన తారు చారలు, వంతెన అతుకులు, ఇవన్నీ తడిస్తే మిగతా రోడ్డు కంటే ఎక్కువ జారుతాయి.

చలి కూడా పట్టుకు సంబంధించిన విషయమే. 5 డిగ్రీల గాలిలో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే చర్మానికి అది మైనస్ 3 లా తోస్తుంది. వేళ్లు మొద్దుబారాక బ్రేకును సున్నితంగా నొక్కడం అయ్యే పని కాదు. మందపాటి చేతి తొడుగుల కన్నా, వేడెక్కే హ్యాండిల్ పట్టీలు ఈ విషయంలో మెరుగు.

సైకిల్ మీద వెళ్లేవాళ్లకు ఇంకో ఇబ్బంది: సైకిల్ దారుల్లో బరువైన చక్రాలు తిరగవు, ఉప్పు మంచులో కలవదు. మేకులున్న టైర్లు గడ్డ మీద బాగా పనికొస్తాయి. అవి లేకపోతే టైరు మీద రాసి ఉన్న కనిష్ఠ పరిమితికి తగ్గకుండా గాలి కొంచెం తీయండి, పాదం నేలకు అందేలా సీటు దించండి, రైలు పట్టాలను సూటిగా అడ్డంగా దాటండి.

ఇంటికి చేరాక బండి అడుగుభాగాన్ని, చక్రాల లోపలి వైపును నీటితో కడగండి. గొలుసు ఉన్న బండ్లకు గొలుసు తుడిచి మళ్లీ నూనె పెట్టాలి. ఉప్పు తడితో కలిసే ఇనుమును తింటుంది కాబట్టి, ఎండిపోయిందిలే అని వదిలేస్తే మళ్లీ తేమ తగిలినప్పుడు మొదలుపెడుతుంది.

[తెరపై: ఎండ. పొడి రోడ్డు. మలుపు అంచున బూడిదరంగు ఇసుక.]

మంచు కాలం ముగిశాక కూడా ఈ ఇసుక కొన్నాళ్లు ఉంటుంది, ముఖ్యంగా మలుపుల అంచుల్లో, కూడళ్ల మధ్యలో. చక్రాలు తిరిగి తిరిగి శుభ్రం చేసిన గాడిలోనే బైకును నడపండి. వానలో, ఊడ్పులో అది పోయేదాకా మలుపులో బండిని ఎక్కువ వంచకండి.