బెల్ బోర్డు మీది పేర్లు: జర్మన్ ఇంటిపేర్ల వెనక ఊళ్లు

అందరికీ నమస్కారం. జర్మనీ వచ్చిన కొత్తలో నన్ను బాగా పట్టేసింది మా అపార్ట్‌మెంట్ తలుపు పక్కనున్న బెల్ బోర్డు. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్ ఉండదు, ఉండేదల్లా ఇంటిపేరే. అది బోర్డు మీద లేకపోతే మీకొచ్చిన పార్సిల్ వెనక్కి వెళ్లిపోతుంది. మా బోర్డు మీద వాగ్నర్, ష్రోడర్, షుల్జ్, నోవాక్ అని వరసగా ఉండేవి, చలిలో జేబులో తాళంచెవి వెతుక్కుంటూ రోజూ వాటిని చదువుకునేవాణ్ణి. అలా మొదలైంది ఈ పిచ్చి.

అర్థాలు తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, వేబర్ అంటే నేతపనివాడు. జర్మనీలో అందరికన్నా ఎక్కువమంది మ్యూలర్లు, అంటే పిండిమర నడిపేవాళ్లు. ఊళ్లో యోహాన్నెస్‌లు పదిమంది ఉండొచ్చు గానీ మర నడిపేవాడు ఒకడే కదా, "మర యోహాన్నెస్" అంటే ఎవరో అందరికీ తెలిసిపోయేది. కొందరికి పనిని బట్టి, కొందరికి తండ్రి పేరుని బట్టి, ఇంకొందరికి వచ్చిన ఊరిని బట్టి పేరు పడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) అయిన అడెనావర్ ఇంటిపేరు ఐఫెల్ కొండల్లోని అడెనావ్ అనే ఊరి నుంచి వచ్చింది.

అయితే అర్థం దగ్గరే ఆగిపోకండి, అది ఏ ప్రాంతం పేరో కూడా చూడండి అని చెప్పడానికే ఇవాళ వచ్చాను. వాగ్నర్‌నే తీసుకుందాం. బండ్లు చేసే వడ్రంగి. కానీ వాగ్నర్ అన్నది దక్షిణాన, మధ్య జర్మనీలో మాట. అదే పనివాడు ఉత్తరాన వేగెనర్ అయ్యాడు, వాయవ్యంలో చక్రాలు చేసేవాడన్న అర్థంలో రాడెమాఖర్ అయ్యాడు, కొలోన్, ఆఖెన్ వైపు ఇరుసు చేసేవాడన్న అర్థంలో ఎస్సర్ అయ్యాడు. ఒక్క ఎడ్లబండి, దాన్ని ఒకళ్లు బండిగా చూశారు, ఒకళ్లు చక్రంగా చూశారు, ఒకళ్లు ఇరుసుగా చూశారు! కుమ్మరి కూడా అంతే, తూర్పున టోప్ఫర్, దక్షిణాన హాఫ్నర్, హెస్సెన్ వైపు ఆయ్‌లర్. ఈ ఆయ్‌లర్‌కి మూలం కుండకి లాటిన్‌లో ఉన్న "ఓలా" అనే మాట. ఆ కుటుంబంలో ఇప్పుడు ఎవరికీ కుండ చేయడం రాకపోవచ్చు, కానీ తాతముత్తాతలు ఏ దిక్కువాళ్లో పేరు ఇంకా చెబుతూనే ఉంది.

ప్రాంతం తెలియకపోతే అర్థమే తప్పిపోతుంది. ష్రోడర్ అంటే ఉత్తరాన బట్ట కత్తిరించేవాడు, అంటే దర్జీ. ద్రాక్షతోటలున్న చోట అదే మాటకి ద్రాక్షసారా పీపాలను నేలమాళిగలోకి దొర్లించేవాడని అర్థం. పుస్తకం తెరిచి "మీరు దర్జీలండీ" అని చెప్పేస్తే ఎలా?

ఇక షుల్జ్. పాత మాట షుల్ట్‌హైస్, ఊరివాళ్లు కట్టాల్సిన బాకీలు, పన్నులు ఆజ్ఞ వేసి వసూలు చేసేవాడు. దాదాపుగా మన మునసబు అనుకోండి. ఇప్పుడు ఎక్కువగా పోలండ్‌లో ఉన్న సైలీషియా ప్రాంతంలో అదే షోల్జ్ అయింది, మొన్నటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరు అదే. ఈ పేరుతో మనకు ఇంకో బంధం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1719లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి వచ్చి, తర్వాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిల్‌ని తెలుగు చేశాడు, తిరిగి వెళ్లాక 1740ల్లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ పేరు మా బెల్ బోర్డు మీద చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నోవాక్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇది స్లావ్ భాషల పేరు, పోలండ్‌లో చాలా ఎక్కువ. అర్థం "కొత్తగా వచ్చినవాడు". జర్మనీ పశ్చిమాన ఉన్న రూర్ ప్రాంతపు బొగ్గు గనుల్లో పనికి పోలిష్ మాట్లాడేవాళ్లు లక్షల్లో వచ్చారు, వాళ్లతోపాటు ఇలాంటి పేర్లూ వచ్చాయి. జర్మన్‌లో అదే అర్థంలో నోయ్‌మాన్ అంటారు. ఒక నోయ్‌మాన్ కుటుంబం, చదువుకున్నవాళ్లు పేర్లను గ్రీకులోకి మార్చుకునే ఆ రోజుల ఫ్యాషన్ ప్రకారం, నేయాండర్ అయింది. ఆ వంశంలోని యోఆఖిమ్ నేయాండర్ 17వ శతాబ్దంలో డ్యూసెల్‌డార్ఫ్‌లో భక్తిగీతాలు రాశాడు, ఆయన తిరిగిన లోయకి తర్వాత ఆయన పేరే పెట్టారు. 1856లో ఆ లోయలో సున్నపురాయి తవ్వుతుంటే ఎముకలు దొరికాయి. అదే నియాండర్తల్ మానవుడు! అంత పాత మనిషికి మనం పెట్టుకున్న పేరులో "కొత్త మనిషి" ఉన్నాడు.

పాత రికార్డుల్లో వెతికేవాళ్లకి అసలు టెన్షన్ స్పెల్లింగ్‌తోనే. చర్చి రిజిస్టర్‌లో పాస్టర్ చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు, ఒక్క మైయర్‌కే నాలుగైదు స్పెల్లింగులు. పాత జర్మన్ గొలుసుకట్టు రాతలో "e", "n" అక్షరాలు ఒక్కలాగే ఉంటాయి, "u" మీద చిన్న వంపు గీత కనబడితేనే అది "u" అని నమ్మాలి. భార్య పేరు చివర "ఇన్" చేర్చి మ్యూలరిన్ అని రాస్తారు, అది వేరే ఇల్లు అనుకోకండి. 1876 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రభుత్వ నమోదు మొదలయ్యాక గానీ స్పెల్లింగ్ గట్టిపడలేదు. నేను ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆఫీసులో నా ఇంటిపేరునీ అసలు పేరునీ తారుమారు చేసి రాశారు, దాన్ని సరిచేయించుకోవడానికి నెలలు పట్టింది. అందుకే ఆ రిజిస్టర్లలో మనిషి ఒకటి చెబితే కాగితం ఇంకొకటి చెప్పిన చోట నాకు మనసు కలుక్కుమంటుంది.

కాగితం మనిషిని మార్చేసిన సంగతి ఇంకొకటి ఉంది. యూదులకు ఆస్ట్రియా 1787లో, ప్రష్యా 1812లో స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి చేశాయి. రోత్‌షీల్డ్ మాత్రం అంతకంటే పాతది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎర్ర డాలు గుర్తున్న ఇంటి నుంచి వచ్చింది, అక్షరాలా ఇంటి పేరే. ఆ తర్వాత 1938లో నాజీ ప్రభుత్వం, పేరును బట్టి యూదులని తెలియనివాళ్లు మగవాళ్లయితే ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లయితే సారా అని పేరుకి చేర్చుకుని తీరాలని చట్టం చేసింది. రికార్డుల్లో ఆ మాట కనబడ్డ చోట దయచేసి తొందరపడి పేజీ తిప్పకండి.

వెతకడం ఎలా మొదలుపెట్టాలని చాలామంది అడుగుతారు. ముందు తాత పుట్టిన ఊరు కనుక్కోండి, తర్వాత ఆ పేరు ఏ జిల్లాల్లో గుంపుగా ఉందో మ్యాప్‌లో చూడండి. పరిశోధకులు 2005 నాటి ల్యాండ్‌లైన్ ఫోన్ల జాబితాతో ఇలాంటి మ్యాపులు తయారుచేశారు. మీ బిల్డింగ్ బెల్ బోర్డు ఫోటో తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, నా లాప్‌టాప్ తెరిచే ఉంది, ఒక్కో పేరూ మ్యాప్ మీద పెట్టి చూద్దాం.