మడమ తొక్కి నడిచే క్యాంప్ షూ: ఇంట్లోకీ టెంట్‌కీ ఒకే జత సరిపోతుందా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ జత నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. కింద ఉన్న లింకు నుంచి మీరు కొంటే మాత్రం నాకు కొంత కమీషన్ వస్తుంది. పేరు, ధర, బరువు స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి కదా, అవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. డబ్బా తెరిచే కార్యక్రమం పెట్టుకోను.

క్యాంప్ షూ, అంటే ట్రెక్ బూట్లు విప్పాక టెంట్ దగ్గర వేసుకునే షూ, ఎందుకు, హవాయి చెప్పులు చాలవా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో ఒక రాత్రి టెంట్ వేసుకోవడానికైతే చాలు. డిసెంబరులో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్ళారనుకోండి, కథ వేరు. మన హైదరాబాద్ వాళ్ళు, వైజాగ్ వాళ్ళు ఇప్పుడు బాగానే వెళ్తున్నారు. శిఖరం 12,500 అడుగులు. కింద సాంక్రీ అనే ఊరి నుంచి ఎక్కి, దారిలో జుడా కా తలాబ్ అనే చెరువు దగ్గర టెంట్లో పడుకుంటే, రాత్రి చలి సున్నా కిందికి దిగుతుంది. కాళ్ళకి మందపాటి ఉన్ని సాక్స్ ఉంటాయి. వాటి మీద బొటనవేలి పట్టీ ఉన్న చెప్పు ఎక్కదు. సాక్స్ విప్పబుద్ధి కాదు, బయట బూట్లేమో తడిసి గడ్డకట్టి ఉంటాయి. టాయిలెట్ టెంట్ అల్లంత దూరాన. అప్పుడు తెలుస్తుంది ఇలాంటి షూ విలువ.

సరే, ఇక నాకు మాట్లాడాలని ఉన్న విషయానికి వస్తాను. మడమ.

చిన్నప్పుడు స్కూల్ బూట్ల వెనక భాగం తొక్కి నడిస్తే ఇంట్లో వీపు మోగేది. వీళ్ళు దాన్నే పద్ధతిగా కుట్టి అమ్ముతున్నారు! మామూలు బూటుకి మడమ దగ్గర లోపల గట్టి ముక్క ఒకటి ఉంటుంది. ఒకసారి దాన్ని అణగదొక్కితే మళ్ళీ సరిగ్గా నిలబడదు, పైగా ఆ అంచు కాలిని కోసేస్తుంది. ఇందులో ఆ ముక్కే లేదు. సాగే గుడ్డ మాత్రమే ఉంది. తొక్కితే చెప్పు, వేలితో పైకి లాగితే బూటు. టేవా కంపెనీ వాళ్ళ రీఎంబర్ షూలో ఉన్నది కూడా ఈ పద్ధతే, కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. కానీ దీంట్లో పైకి లాగడానికి వెనక ఒక పట్టీ పెట్టారు చూడండి, చేతికి గ్లవ్ ఉన్నా దొరికేంత వెడల్పుగా ఉంది. ఇది ఆలోచించిన వాళ్ళెవరో అర్ధరాత్రి టెంట్ జిప్పుతో కుస్తీ పట్టిన మనిషే అయ్యుండాలి.

ఇంట్లోనూ నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ మడమే. కొరియర్ అబ్బాయి కింద నుంచి ఫోన్ చేస్తాడు, సెల్లార్లో మోటార్ స్విచ్ వేయాలి, చెత్త బండి వచ్చేసింది. వంగే పని లేకుండా కాళ్ళు దూర్చేసి వెళ్ళిపోవచ్చు. వచ్చాక గడప బయట అలాగే వదిలేయొచ్చు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. నాకు తెలియకుండా ఇవే వేసుకుని డాబా మీదికి వెళ్ళి బట్టలు ఆరేసి వచ్చింది. ఎలా ఉన్నాయమ్మా అంటే, "వేసుకోవడానికి బాగున్నాయి గానీ, నా ఎంసీఆర్ చెప్పులంత మెత్తగా లేవురా" అంది. నిజమే. మడమ మడిచినప్పుడు ఆ కుట్టు సరిగ్గా కాలి కింద తగులుతుంది. సాక్స్ ఉంటే తెలియదు, ఒట్టి కాళ్ళతో అయితే కాసేపటికి చికాకు పుడుతుంది.

డబ్బా మీద "ఇంటికీ బయటికీ ఒకటే" అని రాశారు. మన ఇళ్ళలో ఆ మాట చెల్లదు లెండి. బయట తిరిగింది ఏదైనా వంటింట్లోకి వచ్చిందంటే అయిపోయామే. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా ఇలాంటివి గరాజ్ తలుపు దగ్గరే వదులుతారు. మంచులో చెత్తడబ్బా రోడ్డు దాకా తోసి రావడానికి ఇవి భలే ఉంటాయట, మా కజిన్ మాట. ఇల్లంతా వేసుకుని తిరగాలంటే అడుగున గాళ్ళు లోతుగా ఉండకూడదు, మట్టి పట్టుకొస్తాయి. గాళ్ళు లోతు తక్కువైతే బయట పట్టు తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు. ఇందులో ముందు, వెనక మాత్రమే రబ్బరు, మధ్యలో ఒట్టి ఫోమ్. తడి టైల్స్ మీద పరవాలేదు. నాచు పట్టిన మెట్ల మీద మాత్రం నేను నమ్మను.

ఇక ఒళ్ళు మండే విషయం. లోపల వేసిన ఆ బొచ్చు గుడ్డ! మంచు కొండల్లో హాయిగా ఉంటుంది, కాదనను. మన దగ్గర గడ్డిలో నడిచి చూడండి. ఉత్తరేణి గింజలు అంచు దగ్గర పట్టుకుని, అక్కడి నుంచి లోపలికి దిగుతాయి. దులిపితే పోవు. కూర్చుని ఒక్కొక్కటే గోళ్ళతో పీకాలి. పీకాక కూడా ఎక్కడో ఒకటి మిగిలి, సరిగ్గా చిటికెన వేలి పక్కన గుచ్చుకుంటుంది. పల్లేరుకాయలైతే మధ్యలో ఉన్న ఫోమ్‌లోకి నేరుగా దిగిపోతున్నాయి, ముల్లు అక్కడే విరిగి ఉండిపోతుంది. వాన పడిందా, నానిన బొంతే. నీడలో ఆరబెట్టమని లోపల చీటీ పెట్టారు. వానాకాలంలో నీడలో ఆరేసరికి వాసన మొదలవుతుంది. మన వాతావరణానికి బొచ్చు లేని రకం ఒకటి ఎందుకు తేరో నాకు అర్థం కాదు.

నీళ్ళ దగ్గర క్యాంపింగ్ చేసేవాళ్ళు, మారేడుమిల్లి వాగుల వైపు వెళ్ళేవాళ్ళు ఇది వదిలేసి క్రాక్స్ లాంటి ఫోమ్ చెప్పులే తీసుకోండి. క్రాక్స్ 2002లో అమెరికాలోని కొలరాడోలో మొదలైందే పడవల మీద వేసుకోవడానికి. ఆ ఫోమ్ నీళ్ళు పీల్చదు, కడిగి దులిపితే సరి. చిల్లుల్లోంచి ఇసుక వస్తుంది, చలికి పనికిరాదు. మే నెల ఎండలో కారులో వదిలేస్తే మాత్రం అలాంటి ఫోమ్ కుంచించుకుపోతుంది, జాగ్రత్త.

అన్నట్టు, మూసి ఉన్న షూ ఏదైనా సరే, రాత్రి టెంట్ బయట వదిలితే పొద్దున తలకిందులు చేసి గట్టిగా దులపండి. మన అడవుల్లో తేళ్ళు ఉంటాయి. వీటిలో బొచ్చు, చీకటి, వెచ్చదనం మూడూ ఉన్నాయి, ఇంకేం కావాలి వాటికి.

మార్కులు వేయమంటే పట్టుకి సగం, లైనింగ్‌కి సున్నా. అయినా వెనక్కి పంపను. ఆ మడమ కోసమే ఉంచుకుంటున్నాను. తాళ్ళు కట్టే షూ ఇప్పుడు తొడగాలంటేనే బద్ధకంగా ఉంది. హిమాలయాలకి వెళ్తున్నా, చలి దేశంలో ఉన్నా కళ్ళు మూసుకుని తీసుకోండి. మన ఊళ్ళ చుట్టూ తిరగడానికే అయితే డబ్బులు దండగ.

సైజు సంగతి చాలామంది అడిగారు. వీటిలో అర సైజులు లేవు. బాక్స్ మీద యూకే, యూఎస్ నంబర్లు రెండూ ఉంటాయి, మగవాళ్ళ సైజుల్లో సాధారణంగా ఒకటి తేడా వస్తుంది, చూసుకోండి. షాపులో చూసేటట్టయితే సాయంత్రం వెళ్ళండి, అప్పటికి కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. ట్రెక్‌లో వేసుకునే ఉన్ని సాక్స్ కూడా వెంట తీసుకెళ్ళండి. పల్చటి సాక్స్‌తో సరిపోయిన సైజు, వాటితో బిగుతైపోతుంది.